ఆమె ‘ఎర్ర కిస్‌మిస్’ అన్నది గోజీ బెర్రీ: వార్ఫరిన్ పేషెంట్‌లో ఐఎన్‌ఆర్ 6.4కి చేరిన కేసు

నేను నెల్లూరులో క్లినికల్ ఫార్మసిస్ట్‌ని. రక్తం గడ్డకట్టకుండా గుండె డాక్టర్లు వార్ఫరిన్ మాత్ర రాసిన పేషెంట్లకి, అది ఎంత పనిచేస్తోందో చెప్పే ఐఎన్‌ఆర్ రక్త పరీక్ష రిపోర్టులు చూస్తాను. మాత్ర సరిగ్గా వేసుకుంటున్నారో లేదో కనుక్కుంటాను. తేడా కనిపిస్తే కారణం వెతికి డాక్టర్ ముందు పెడతాను. ఈ కేసులో కారణం పేషెంట్ వంటింట్లోనే ఉంది. ఆవిడ దాన్ని రోజూ తింటున్నారు, మేం అడిగిన ప్రతి ప్రశ్నకూ నిజమే చెప్పారు. అయినా అది బయటికి రాలేదు. ఆ పండుకి మన ఊళ్లలో పేరు లేదు, వచ్చిన పేరేమో ఆవిడ నలుగురిలో పలకలేనిది. మందుల చరిత్ర రాసుకునేవాళ్లందరికీ ఈ సంగతి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను. పేషెంట్ ఒప్పుకున్నాకే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

పేషెంట్

62 ఏళ్ల ఆవిడ, అల్లూరు వైపు పల్లె. చిన్నతనంలో వచ్చిన రుమాటిక్ జ్వరం వల్ల గుండెలో మైట్రల్ వాల్వ్ దెబ్బతింది. చాలా ఏళ్ల కిందట దాని స్థానంలో మెటల్ వాల్వ్ పెట్టారు. మెటల్ మీద రక్తం గడ్డకట్టే గుణం ఉంటుంది కాబట్టి ఇలాంటి వాళ్లు బతికున్నంత కాలం వార్ఫరిన్ లాంటి మందు వాడాల్సిందే. ‘కొత్త మాత్రలు వచ్చాయంట కదా, వాటికి ఈ రక్త పరీక్షలు అక్కర్లేదంట కదా’ అని చాలామంది అడుగుతారు. మెటల్ వాల్వ్ ఉన్నవాళ్లకి అవి పనికిరావు. ఆ కొత్త మాత్రల్లో ఒకటైన డాబిగట్రాన్‌ని ఇలాంటి పేషెంట్లలో పరీక్షిస్తే పక్షవాతం, రక్తస్రావం రెండూ ఎక్కువయ్యాయి, ఆ పరిశోధనను మధ్యలోనే ఆపేశారు. ఆ ఫలితాలు 2013లో అచ్చయ్యాయి. అందుకే ఈవిడలాంటి వాళ్లకి పాత వార్ఫరిన్, దాంతోపాటు ఐఎన్‌ఆర్ పరీక్ష, రెండూ తప్పవు.

ఐఎన్‌ఆర్ అంటే రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో చెప్పే లెక్క. మందు వాడని మనిషికి ఇది 1 దగ్గర ఉంటుంది. మైట్రల్ స్థానంలో మెటల్ వాల్వ్ ఉంటే 2.5 నుంచి 3.5 మధ్య ఉంచాలి. అంతకంటే తగ్గితే వాల్వ్ మీద గడ్డ, పెరిగితే రక్తస్రావం. ఈవిడ రాత్రిపూట 4 మిల్లీగ్రాముల వార్ఫరిన్ వేసుకుంటూ ఏడాదికి పైగా నిలకడగా ఉన్నారు. సంక్రాంతికి ముందు చేసిన పరీక్షలో ఐఎన్‌ఆర్ 2.8.

ఫిబ్రవరి మూడో వారంలో, ఇంకా తేదీ రాకముందే కోడల్ని వెంటబెట్టుకుని వచ్చారు. పొద్దున పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. ఎడమ ముంజేతి మీద అరచేయంత నల్లటి కమిలిన మచ్చ ఉంది, దెబ్బ తగిలిన గుర్తు లేదు. మలం నల్లగా లేదు, తలనొప్పి లేదు, మూత్రంలో రక్తం లేదు. హిమోగ్లోబిన్ ఎప్పుడూ ఉన్నట్టే ఉంది. కాలేయం, కిడ్నీ పరీక్షలు మామూలుగా వచ్చాయి. ఐఎన్‌ఆర్ మాత్రం 6.4.

ఏం అడిగాం, ఏం చెప్పారు

ఐఎన్‌ఆర్ ఒక్కసారిగా పెరిగితే మేం ముందు అనుమానించేది మాత్రనే. మందుల షాపులో 2 మిల్లీగ్రాముల బదులు 5 మిల్లీగ్రాముల స్ట్రిప్ ఇవ్వడం, లేదా పేషెంట్ ఒకే రోజు రెండుసార్లు వేసుకోవడం, ఇవే మాకు ఎక్కువగా కనిపించే కారణాలు. ఈవిడ స్ట్రిప్పులు, బిల్లు తెచ్చారు. మిల్లీగ్రాములు సరిగ్గానే ఉన్నాయి, మిగిలిన మాత్రల లెక్క కూడా సరిపోయింది.

తర్వాత వేరే మందులు. జ్వరానికి, పంటినొప్పికి, విరేచనాలకి వాడే మాత్రల్లో వార్ఫరిన్‌తో గొడవపడేవి చాలా ఉన్నాయి. మెట్రోనిడజోల్, కోట్రైమాక్సజోల్, ఫ్లుకోనజోల్, నోటిపూతకి రాసే మైకోనజోల్ జెల్ వాటిలో ముఖ్యమైనవి. పారాసిటమాల్ కూడా రోజూ మోతాదుగా వేసుకుంటూ పోతే ఐఎన్‌ఆర్ పెరుగుతుంది. ఇవేవీ లేవు.

“మందులేమీ కొత్తగా వాడట్లేదు పాపా. మీరు రాసిచ్చినవే మింగతా ఉండా.”

“నాటు మందులు, కషాయాలు, ఆయుర్వేదం, హోమియో ఏమన్నా వాడుతున్నారా పెద్దమ్మా?”

“అయ్యన్నీ నాకు పడవు. మిరియాల కషాయం కూడా తాగను.”

ఆకుకూరలు మానేస్తే, రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన విటమిన్ కె ఒంట్లో తగ్గి ఐఎన్‌ఆర్ పెరగొచ్చు. వారానికి రెండుసార్లు తోటకూరో గోంగూరో ఎప్పటిలాగే వండుతున్నామని కోడలు చెప్పింది. జ్వరం రాలేదు, విరేచనాలు కాలేదు, అన్నం తగ్గలేదు. థైరాయిడ్ పరీక్ష మామూలే. మేం వాడే ఫారంలోని ప్రశ్నలు అక్కడితో అయిపోయాయి.

ఫారం పక్కన పెట్టి ఇంకోలా అడిగాను. “సంక్రాంతి తర్వాత మీ వంటింట్లోకి కొత్తగా ఏం వచ్చింది? తినేదైనా సరే, తాగేదైనా సరే.”

కోడలు కాసేపు ఆలోచించింది. “కొత్తగా అంటే... పండక్కి మా పాప మద్రాసు నుంచి తెచ్చిన ఎర్ర కిస్‌మిస్ ఉండాయి మేడమ్. అత్తమ్మ రాత్రి నానబెట్టుకుని పొద్దున ఆ నీళ్లు తాగతాది, పండ్లు రాగిజావలో వేసుకుంటది. కంటికి మంచిదని.”

ఈ సమాధానం నాటు మందుల ప్రశ్నకి ఎందుకు రాలేదో ఆలోచించండి. ఆవిడ దృష్టిలో అది మందు కాదు, మూలిక కాదు, కషాయం కాదు. మనవరాలు ప్రేమగా తెచ్చిన డ్రై ఫ్రూట్. బాదం, కిస్‌మిస్ తింటున్నారా అని ఏ డాక్టరూ అడగడు, అడిగినా దాన్ని ఎవరూ తప్పు కింద చెప్పుకోరు.

మనవరాలికి ఫోన్ చేయించాం. లైన్ సరిగ్గా లేదు. ఆ అమ్మాయి గోజీ బెర్రీ అంది. ఫోన్ పట్టుకున్న సిస్టర్‌కి అది గూస్‌బెర్రీ అని వినపడింది. గూస్‌బెర్రీ అంటే ఉసిరి అని తెలుసు కాబట్టి కేస్ షీట్‌లో ఉసిరికాయ అని రాసింది. తప్పు పట్టాల్సిన పని కాదు, తెలిసిన మాటకే చెవి మళ్లుతుంది. కానీ ఆ షీట్ అలాగే వెళ్లిపోయి ఉంటే ఈ కేసు అక్కడే ఆగిపోయేది. ఉసిరి ఎండితే ఎర్రగా ఉండదు కదా అన్న అనుమానంతో డబ్బా తెప్పించమన్నాను.

“మనవరాలు దాని పేరేం చెప్పింది పెద్దమ్మా?” అని నేరుగా ఆవిడనే అడిగాను. చాలాసేపు చెప్పలేదు. చివరికి కోడలు పక్కకి వెళ్లాక అన్నారు: “గోచీ అన్నట్టు వినపడింది నాకు. నలుగురిలో ఆ మాట ఎట్టంటాం పాపా? అందుకే ఎర్ర కిస్‌మిస్ అంటా ఉండా.”

డబ్బాలో ఏముంది

మర్నాడు తెచ్చింది ఒక హార్లిక్స్ సీసా. అసలు ప్యాకెట్ చించి అందులో పోసేశారు, లేబుల్ చెత్తలోకి పోయింది. ఎర్రగా ఎండిన చిన్న పండ్లు మన బజార్లో ఇప్పుడు మూడు రకాలు దొరుకుతున్నాయి. ఈ కేసులో ఏ రకమో తేల్చడం ముఖ్యం.

క్రాన్‌బెర్రీ ముదురు ఎరుపు. సాధారణంగా కోసి, పంచదార పట్టించి, అంటుకోకుండా కాస్త నూనె పూసి అమ్ముతారు కాబట్టి మెరుస్తూ ఉంటుంది. గింజలు కనిపించవు. దీనికీ వార్ఫరిన్‌కీ మధ్య చర్చ పాతదే. బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2003లో క్రాన్‌బెర్రీ జ్యూస్ గురించి హెచ్చరించింది. తర్వాత జరిగిన పరీక్షల్లో మామూలు మోతాదుల్లో పెద్ద ప్రభావం కనిపించలేదు. రెండోది బార్బెర్రీ, ఇరానీ వంటల్లో పులావు మీద వేసే జరిష్క్. వడ్లగింజ కంటే కాస్త పెద్దది, నల్లటి ఎరుపు, నోట్లో వేసుకుంటే చింతపండంత పులుపు. మూడోది గోజీ. సెంటీమీటరు నుంచి రెండు సెంటీమీటర్ల పొడవు, నారింజ కలిసిన ఎరుపు, కోలగా ఉండి ముడతలు పడి ఉంటుంది. ఒక చివర తొడిమ ఊడిన తెల్లటి మచ్చ కనిపిస్తుంది. రుచి తీపి, చివర్లో కొంచెం చేదు.

గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోసి కొన్ని పండ్లు వేశాం. పావుగంటలో ఉబ్బాయి, నీళ్లు నారింజ పసుపు రంగుకి తిరిగాయి. ఒకదాన్ని బ్లేడుతో చీలిస్తే లోపల బల్లపరుపుగా, లేత పసుపు రంగులో, పచ్చిమిరప గింజలు చిన్నవైనట్టు గింజలు వరుసగా ఉన్నాయి. ఆ పోలిక ఊరికే కుదరలేదు. గోజీ, మిరప, వంకాయ, టమాటా, మన పెరళ్లలో మొలిచే కామంచి, ప్రకాశం జిల్లా రైతు పండించే పొగాకు, అన్నీ ఒకే కుటుంబం మొక్కలు. సాయంత్రానికి మనవరాలు ఆన్‌లైన్‌లో కొన్న బిల్లు ఫోటో పంపింది. దాని మీద గోజీ బెర్రీ అనే ఉంది.

ఒకే కుటుంబం అనగానే ఆవిడ కొడుక్కి ఇంకో టెన్షన్ పట్టుకుంది. ఉమ్మెత్త కూడా ఆ కుటుంబమే కదా, విషమేమో అని. ఉమ్మెత్తలో ఉండే అట్రోపిన్ గోజీ పండ్లలో ఉందేమోనని శాస్త్రవేత్తలు పరీక్షించారు. వంద కోట్ల భాగాల్లో కొన్ని భాగాల చొప్పున, అంటే లెక్కలోకి రానంత తక్కువగా కనిపించింది. విషం భయం అక్కర్లేదు. భయపడాల్సింది వార్ఫరిన్ వేసుకుంటూ తినేవాళ్లే.

ఎంత తిన్నారో కూడా లెక్క తీశాం. మొదట్లో చెంచాడు. జనవరి చివరి నుంచి గుప్పెడు, చూపు ఇంకా మెరుగుపడుతుందని. సాయంత్రం ఇంకొన్ని మరగబెట్టి టీలాగా కూడా. ఆవిడ గుప్పెడు మా వంటింటి కాటాలో 25 గ్రాములు దాటింది. చైనా ప్రభుత్వ ఔషధ గ్రంథంలో దీనికి చెప్పిన రోజువారీ మోతాదు 6 నుంచి 12 గ్రాములు. అక్కడే మందులా కొలిచి వాడే వస్తువుని ఇక్కడ పప్పుబెల్లాల్లా తింటున్నాం.

పేరు ఎక్కడిది

ఈ పండు చైనాది. మొక్క శాస్త్రీయ నామం లైసియం బార్బరమ్. దానికి దగ్గర బంధువైన లైసియం చైనెన్స్‌ని కూడా ఇదే పేరుతో అమ్ముతారు. పంటలో పేరున్న ప్రాంతం వాయవ్య చైనాలోని నింగ్‌షియా. చింఘై, గాన్సు, షిన్‌జియాంగ్‌లలో కూడా పెద్దఎత్తున పండిస్తారు. చైనీస్‌లో పేరు గౌచీ, పండుని గౌచీజ అంటారు. ఇంగ్లిష్ వాళ్లు ముందు నుంచీ వుల్ఫ్‌బెర్రీ అనేవారు. 2000 తర్వాత ఆరోగ్య ఆహారాల వ్యాపారంలో గౌచీని సులువు చేసి గోజీ అన్నారు. ఆ మాటే ప్రపంచమంతా పాకింది, మన దగ్గరికీ అదే వచ్చింది. ప్యాకెట్ల మీద ‘హిమాలయన్ గోజీ’, ‘టిబెటన్ గోజీ’ అని రాసి ఉన్నా లోపలున్న పండు సాధారణంగా చైనా తోటలదే.

పేషెంట్‌కి గోచీ అని వినపడటం వింతేం కాదు. మూలంలోని చైనా మాట గోజీ కంటే మన గోచీకే దగ్గరగా ఉంది. వయసు మళ్లిన మనిషి ఆసుపత్రిలో ఆ మాట అనడానికి సిగ్గుపడటం మా పనిలో నిజమైన అడ్డంకి. ‘చెప్పడానికి ఇబ్బందిగా ఉన్న పేరైతే రాసి చూపించండి, లేకపోతే వస్తువు తెచ్చి చూపించండి’ అని ఇప్పుడు ముందే అంటున్నాం.

శాస్త్రీయ నామం రాసుకుంటే గొడవ తీరుతుంది కదా అనుకోవచ్చు. సగమే తీరుతుంది. మా జూనియర్ ఒకమ్మాయి ‘లైసియం’ అన్న మాట ఒక్కటే పెట్టుకుని వెతికితే ఆయుర్వేదంలోని రసాంజనం వచ్చింది. ఇదీ కంటి మందే, పైగా మన దేశానిదే. దాంతో ఇదే అది అనుకుంది. నిజానికి రెంటికీ సంబంధం లేదు. ఒకటో శతాబ్దంలో గ్రీకు వైద్యుడు డయాస్కరిడీస్ లైకియాన్ అనే మందు గురించి రాస్తూ అందులో శ్రేష్ఠమైనది ఇండియా నుంచి వచ్చేదని చెప్పాడు. ఆ ఇండియా లైకియాన్ అంటే దారుహరిద్ర, మనం మానుపసుపు అనే బెర్బెరిస్ చెట్టు నుంచి తీసిన గట్టి కషాయం, అంటే రసాంజనం అని 19వ శతాబ్దంలో తేల్చారు. ఈలోపు 1753లో, మొక్కలకి శాస్త్రీయ నామాలు పెట్టిన లినేయస్ లైసియం అనే పేరుని ఈ వంకాయ కుటుంబం మొక్కలకి పెట్టేశాడు. పాత పేరు ఒక చెట్టుది, కొత్త మొక్క ఇంకొకటి. రసాంజనంలో ఉండేది బెర్బెరిన్, గోజీకి రంగునిచ్చేది జియాజాంతిన్. అందుకని లైసియం అని ఒక్క ముక్క రాస్తే చాలదు. లైసియం బార్బరమ్ అని పూర్తిగా రాయాలి, వాడిన భాగం ఎండు పండు అని కూడా రాయాలి.

వార్ఫరిన్‌తో ఏం జరుగుతుంది

వార్ఫరిన్ మాత్రలో రెండు రూపాలు సగం సగం ఉంటాయి, ఆర్ రూపం, ఎస్ రూపం. రెండింట్లో ఎస్ రూపానికే శక్తి మూడు నుంచి ఐదు రెట్లు ఎక్కువ. ఆ ఎస్ రూపాన్ని కాలేయంలో ప్రధానంగా అరగదీసేది సీవైపీ2సీ9 అనే ఎంజైమ్. ఇది నెమ్మదిస్తే అదే 4 మిల్లీగ్రాముల మాత్ర ఒంట్లో ఎక్కువసేపు నిలిచి ఎక్కువ పనిచేస్తుంది. గోజీ టీ ఈ ఎంజైమ్‌ని కొంత అడ్డుకుంటుందని ప్రయోగశాలలో చూశారు. అడ్డుకునే శక్తి బలహీనంగానే కనిపించింది. కానీ మోతాదు పెరిగితే, రోజూ తీసుకుంటే, పేషెంట్ ముందే గీత మీద నడుస్తుంటే బలహీనమైన అడ్డంకే చాలు.

ఇలాంటి కేసులు వైద్య పత్రికల్లో ముందే ఉన్నాయి. 2001లో వచ్చిన మొదటి రిపోర్టు 61 ఏళ్ల చైనా మహిళది. నిలకడగా ఉన్న ఐఎన్‌ఆర్, నాలుగు రోజులు చిక్కటి గోజీ టీ రోజుకి మూడు నాలుగు గ్లాసులు తాగాక 4.1కి వెళ్లింది. టీ ఆపాక వారంలో 2.4కి దిగింది. 2008లో 80 ఏళ్ల పెద్దాయనకి ఇలాగే రెండుసార్లు జరిగింది. 2012లో అచ్చయిన కేసు అన్నిటికన్నా తీవ్రమైనది. మోకాలి ఆపరేషన్ తర్వాత వార్ఫరిన్ వాడుతున్న 71 ఏళ్ల ఆవిడ నాలుగు రోజులు గోజీ జ్యూస్ తాగారు. ముక్కు నుంచి, మలద్వారం నుంచి రక్తం పోయింది, ఒంటి మీద కమిలిన మచ్చలు వచ్చాయి. ఐఎన్‌ఆర్ యంత్రం కొలవలేనంత పెరిగి విటమిన్ కె ఇవ్వాల్సి వచ్చింది. మా పేషెంట్ కథ వీటితో దాదాపు ఒకే దారిలో నడిచింది. తేడా ఏమిటంటే ఆ దేశాల్లో పేషెంట్‌కి వస్తువు పేరు తెలుసు, అడిగితే చెప్పగలిగారు.

ఏం చేశాం

ఐఎన్‌ఆర్ 10కి లోపు ఉండి పెద్ద రక్తస్రావం లేకపోతే విటమిన్ కె తప్పనిసరి కాదు. పైగా మెటల్ వాల్వ్ ఉన్నవాళ్లకి విటమిన్ కె ఎక్కువ ఇస్తే ఐఎన్‌ఆర్ మరీ కిందికి పడి వాల్వ్ మీద గడ్డ కట్టే ప్రమాదం ఉంది. అందుకని గుండె డాక్టర్ విటమిన్ కె ఇవ్వకుండా రెండు రాత్రులు వార్ఫరిన్ ఆపించి, ఆసుపత్రిలో ఉంచి చూశారు. గోజీ పూర్తిగా బంద్. మెత్తటి బ్రష్ వాడమన్నాం, సూది మందులు వద్దన్నాం.

మర్నాటికి 4.9, ఆ తర్వాత రోజు 3.3. అప్పుడు మళ్లీ పాత మోతాదు, 4 మిల్లీగ్రాములే మొదలుపెట్టాం. వారానికి 2.9. నెలకి 2.7, ఆ పై నెలకి 3.0. నాకు అన్నిటికంటే బలమైన సాక్ష్యం ఇదే. మోతాదు మార్చలేదు, తిండి మార్చలేదు, గోజీ ఒక్కటే తీసేశాం. మోతాదు తగ్గించి ఇంటికి పంపి ఉంటే అంకె బాగానే కనిపించేది. కానీ గోజీ అయిపోయాక ఐఎన్‌ఆర్ తగ్గిపోయి వాల్వ్ ప్రమాదంలో పడేది. కారణం తెలియకుండా మోతాదు మార్చడం ఎంత చెడ్డదో ఇలాంటి కేసుల్లోనే తెలుస్తుంది.

ఇద్దరి మధ్య గొడవలో ఎవరి తప్పెంతో తేల్చినట్టు, మందుల మధ్య ప్రభావాన్ని లెక్కించడానికి 2007లో వచ్చిన పది ప్రశ్నల స్కేల్ ఒకటి ఉంది, డిప్స్ అంటారు. ముందు రిపోర్టులు ఉన్నాయి, పనిచేసే విధానం కుదిరింది, సమయం కుదిరింది, వేరే కారణం దొరకలేదు, రక్త పరీక్ష రుజువుంది. గోజీ, వార్ఫరిన్ రెండూ ఒకేసారి ఆపాం కాబట్టి, గోజీ ఒక్కటే ఆపితే తగ్గిందా అన్న ప్రశ్నకి మార్కు వేసుకోలేదు. మళ్లీ తినిపించి చూసే ప్రసక్తే లేదు. మొత్తం 6 వచ్చింది. 5 నుంచి 8 మధ్య వస్తే ‘బహుశా ఇదే కారణం’ అనే వర్గం.

మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి రిపోర్టు పంపాం. ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దీన్ని నడుపుతుంది, టోల్ ఫ్రీ నంబర్ 1800-180-3024. మందులే కాదు, మూలికలు, సప్లిమెంట్ల వల్ల జరిగినవి కూడా రిపోర్టు చేయొచ్చన్నది మన దగ్గర చాలామంది ఫార్మసిస్టులకే తెలియదు. ఆ ఫారంలో అనుమానిత పదార్థం గడిలో ‘డ్రై ఫ్రూట్’ అని రాస్తే దాన్ని ఎవరూ వాడుకోలేరు. మేం రాసింది: గోజీ బెర్రీ, లైసియం బార్బరమ్, ఎండు పండు, నానబెట్టిన నీళ్లు, మరిగించిన టీ, రోజుకి సుమారు 25 గ్రాములు, పేషెంట్ వాడిన మాట ‘ఎర్ర కిస్‌మిస్’.

తెలుగులో ఏమని రాయాలి

మా ఆసుపత్రి కరపత్రం కోసం దీని మీద చాలాసేపు మాట్లాడుకున్నాం. ఒకరు తెలుగు పేరు పెడదామన్నారు. వుల్ఫ్‌బెర్రీని మాటకు మాట మార్చి ‘తోడేలు పండు’ అని రాస్తే వినేవాళ్లకి ఏమీ తెలియదు, ఇంట్లో ఉన్న వస్తువు అదేనని ఎవరికీ తట్టదు. ‘చైనా ద్రాక్ష’ అంటే ద్రాక్ష అనుకుంటారు, అది ద్రాక్ష కానే కాదు. నా అభిప్రాయం ఖచ్చితంగా గోజీ బెర్రీ అనే రాయాలని. షాపులో, ఆన్‌లైన్‌లో ఆ మాటతోనే కొంటున్నారు. కొనే మాటా, హెచ్చరించే మాటా ఒకటే కావాలి. గోజీ పండ్లు అన్నా పర్వాలేదు, గోజి అని చిన్న ఇకారంతో రాసినా అర్థమవుతుంది. గోచీ అని మాత్రం అచ్చు పడనివ్వకూడదు. అక్షరం ఒక్కటే తేడా, కానీ చదివిన పేషెంట్ ఆ కాగితం మడిచి జేబులో పెట్టేసుకుంటాడు.

ఆ మాట ఒక్కటే చాలదు, ఎందుకంటే మా పేషెంట్లలో ఎక్కువమంది లేబుల్ చదివి తినేవాళ్లు కాదు, ఇంట్లో పిల్లలు పెడితే తినేవాళ్లు. అందుకే పక్కన ఫోటో వేశాం. కింద ఇలా రాశాం: ‘కిస్‌మిస్ కంటే ఎర్రగా, కోలగా ఉండి, లోపల మిరప గింజల్లాంటి చిన్న గింజలు ఉండే ఎండు పండు. గోజీ బెర్రీ అంటారు. వార్ఫరిన్, అసినోకౌమరాల్ వాడేవాళ్లు దీన్ని పండుగా గానీ, నానబెట్టిన నీళ్లుగా గానీ, టీగా గానీ, జ్యూస్‌గా గానీ తీసుకోకూడదు. ఇప్పటికే తింటుంటే చెప్పండి, ఐఎన్‌ఆర్ చూస్తాం. మీ అంతట మీరు మాత్ర ఆపకండి.’ అసినోకౌమరాల్ కూడా వార్ఫరిన్ జాతి మందే. ఆఖరి వాక్యం చాలా అవసరం. భయపడి వార్ఫరిన్ ఆపేస్తే జరిగే నష్టం గోజీ వల్ల జరిగేదానికంటే పెద్దది.

ఫారంలో ప్రశ్న కూడా మారింది. నాటు మందులు వాడుతున్నారా అన్న పాత ప్రశ్న తీసేయలేదు. దాని కింద కొత్తది చేర్చాం: ‘పోయినసారి వచ్చిన తర్వాత మీ ఇంట్లోకి కొత్తగా వచ్చిన తినే వస్తువు, తాగే వస్తువు, పొడి, జ్యూస్ ఏమిటి? ఎవరు తెచ్చారు? పేరు తెలియకపోతే ఫోటో చూపించండి, లేదా గుప్పెడు తీసుకురండి.’ ఎవరు తెచ్చారన్నది ఎందుకంటే, పేరు తెలిసింది తెచ్చినవాళ్లకే. అమెరికా కొడుకో, సింగపూర్ కూతురో, మద్రాసు మనవరాలో, వాళ్లకి ఫోన్ చేస్తే సంగతి తేలుతుంది. సమాధానం రాసేటప్పుడు పేషెంట్ అన్న మాట అన్నట్టే రాయాలి. అసలు పేరు తేలాక పక్కన రాయాలి, మొదటి మాట కొట్టేయకూడదు. రేపు ఇంకో ఊరి పెద్దమ్మ ఎర్ర కిస్‌మిస్ అన్నప్పుడు మాకు పనికొచ్చేది ఆ మొదటి మాటే.

ఈ కొత్త ప్రశ్నకి ఇప్పటికే వేరే సమాధానాలు వస్తున్నాయి. మునగాకు పొడి, గ్రీన్ టీ, అల్లం వెల్లుల్లి కలిపిన ఏదో సిరప్. మునగాకులో విటమిన్ కె ఎక్కువ కాబట్టి అది ఐఎన్‌ఆర్‌ని గోజీకి ఎదురుగా, కిందికి లాగుతుంది. ఇవన్నీ ఇంతకు ముందు కూడా ఇళ్లలో ఉన్నవే.

కంటి సంగతి

ఆవిడ గోజీ మొదలుపెట్టింది చూపు మసకేసిందని. గోజీలో జియాజాంతిన్ నిజంగానే ఎక్కువ. అది కంటి రెటీనా మధ్యభాగంలో ఉండే రంగు పదార్థం. కంటికి మంచిదన్న మాట గాల్లోంచి రాలేదు, చైనా వైద్యంలో కూడా దీన్ని కంటికి, కాలేయానికి చెప్తారు. కానీ ఈవిడకి మసక ఎందుకో ఎవరూ చూడలేదు. ఆపరేషన్ అంటే వార్ఫరిన్ ఆపాలేమో, వాల్వ్‌కి ఏమవుతుందోనని భయపడి కంటి డాక్టర్ దగ్గరికే వెళ్లలేదు. ఏ పండూ శుక్లాన్ని కరిగించదు.

కంటి డాక్టర్ చూసి రెండు కళ్లలోనూ శుక్లం ఉందని, కుడికన్ను ముదిరిందని చెప్పారు. చుక్కల మందుతో మొద్దుబార్చి చేసే శుక్లం ఆపరేషన్‌కి, ఐఎన్‌ఆర్ హద్దులో ఉంటే, వార్ఫరిన్ ఆపాల్సిన పని సాధారణంగా ఉండదు. గుండె డాక్టర్, కంటి డాక్టర్ మాట్లాడుకుని మాత్ర ఆపకుండానే చేద్దామని నిర్ణయించారు. ఆపరేషన్ రోజు పొద్దున ఐఎన్‌ఆర్ 2.7. రక్తస్రావం లేకుండా కుడికన్ను పూర్తయింది. ఎడమకన్ను దసరా తర్వాత చేయించుకుంటారు, దానికి ముందు వారం ఐఎన్‌ఆర్ పరీక్షకి తేదీ రాసిచ్చాం.